అంగలకుదురులో అంకెల మర

ఈ వ్యాసం కర్ర చెక్కే ఒక మర గురించి. దాన్ని సీఎన్‌సీ రౌటరు అంటారు. కంప్యూటరు ఇచ్చే అంకెలను బట్టి మూడు దిక్కులలో కదులుతూ, గిరగిర తిరిగే ఒక కత్తితో చెక్కను తొలిచే యంత్రమది. ఇంతకన్నా మంచి తెలుగు మాట దొరికేదాకా దాన్ని అంకెల మర అందాం. అటువంటిదొకటి తెనాలి పక్కన మా అంగలకుదురులో, ఇంటి వెనుక వసారాలో నేనే కూర్చుకున్నాను. కూర్చుతున్నన్నాళ్ళూ దాని పూర్వకథ చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ మోటార్ల కంటే, మరమేకుల కంటే పెద్ద ప్రశ్న ఒకటి ముందుకు వచ్చింది. చెక్కవలసిన దారిని నిర్ణయించేవాడూ, చెక్కేవాడూ ఒకరేనా? వేరైతే ఆ పనికి యజమాని ఎవరు?

ఇది మర పుట్టాక వచ్చిన ప్రశ్న కాదు. అంగలకుదురులో రైలెక్కి తెనాలిలో దిగి, రేపల్లె బండి పట్టుకుంటే దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు బుద్ధుని ధాతువులుంచిన రాతి కరండాలు బయటపడ్డాయి. వాటి మీది ప్రాకృత శాసనాలను బ్యూలర్ పరిష్కరించాడు. మన ప్రాంతంలో దొరికిన అతి ప్రాచీన లిపులలో అదొకటి. గుండ్రని రాతి అంచు వెంట చిన్న చిన్న అక్షరాలను ఉలితో తొలిచిన చేయి ఎవరిదో మనకు తెలియదు. పది పన్నెండు వందల ఏళ్ళ తరువాత వచ్చిన తూర్పు చాళుక్యుల రాగిరేకులలో పరిస్థితి వేరు. శాసనం చివర, పద్యాలు కట్టిన కవి పేరు ఒకచోట, దాన్ని రేకు మీద లిఖించినవాని పేరు మరొకచోట కనిపిస్తాయి. కట్టాచార్యుడు, జొంతాచార్యుడు వంటి పేర్లు మనదాకా వచ్చింది అలాగే. ఆలోచన ఒకరిది, లోహం మీద గీత మరొకరిది. పని రెండుగా చీలింది నిజమే కాని, రెండో మనిషి పేరు మాత్రం చెరిగిపోలేదు.

ఆ పేరు చెరిగిపోవటం ఇరవయ్యో శతాబ్దపు కథ. అంకెల మర పుట్టుక కూడా అక్కడే.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ అనే ఆయన కర్మాగారం 1940లలో హెలికాప్టరు రెక్కలు తయారు చేసేది. రెక్క అడ్డుకోత చక్కని వంపుతో ఉండాలి. ఆ వంపుకు సరిపోయే లోహపు అచ్చు కావాలి. మామూలు పద్ధతిలో కొన్ని బిందువులు గుర్తు పెట్టి, వాటిని కలుపుతూ వంగే బద్దతో గీత గీసి, ఆ గీత వెంట కోసి ఆకురాయి పట్టేవారు. పార్సన్స్ దగ్గర పనిచేసిన ఫ్రాంక్ స్టూలెన్ అనే ఇంజనీరు, చిల్లుల కార్డులతో లెక్కలు వేసే ఐబీఎమ్ యంత్రం మీద ఆ వంపును 200 బిందువులుగా లెక్క కట్టించాడు. ఇక ఆ అంకెల పట్టికను కోత యంత్రం దగ్గరకు తీసుకువెళ్ళి, ఒకరు అంకెలు పైకి చదువుతుంటే, ఒకరు అడ్డం చక్రాన్ని, ఇంకొకరు నిలువు చక్రాన్ని తిప్పేవారు. మన ఊళ్ళలో కొలతబద్ద పట్టుకుని ఒకరు చెబుతుంటే మరొకరు గీత పెట్టినట్టే. అంకెల మర అసలు రూపం అదే. ఒక నోరు, రెండు జతల చేతులు. ఆ నోటికి బదులు చిల్లుల పట్టీ, ఆ చేతులకు బదులు మోటార్లు పెట్టటమే తరువాతి మెట్టు.

ఆ మెట్టుకు డబ్బిచ్చింది అమెరికా వైమానిక దళం. 1949లో పార్సన్స్‌తో ఒప్పందం కుదిరింది. మోటార్లను అదుపు చేసే విద్య కోసం ఆయన మసాచుసెట్స్ సాంకేతిక సంస్థను, అంటే ఎమ్ఐటీని ఆశ్రయించాడు. కొద్దికాలానికే పని పగ్గాలు ఎమ్ఐటీ చేతికి పోయి, పార్సన్స్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. 1952 సెప్టెంబరులో వారు నడిపి చూపించిన మరకు 250 వాక్యూమ్ ట్యూబులు, 175 రిలేలు ఉన్నాయి. అవన్నీ బీరువాలంతటి పెట్టెలలో సర్ది ఉండేవి. కోసే యంత్రం ఎంతో, దాన్ని నడిపే పెట్టెలు సుమారుగా అంత. 1959లో, మరకు అంకెలను వ్రాసిపెట్టే ఏపీటీ అన్న భాషను పత్రికలవారికి చూపిస్తూ, దానితో కోసిన అల్యూమినియం బూడిదపళ్ళాలను వారికి పంచిపెట్టారు. ఇంత ఖరీదైన విద్య తొలిరోజులలో నలుగురి చేతికీ ఇచ్చిన వస్తువు చుట్ట పొడి రాల్చుకునే పళ్ళెం.

ఇదే కాలంలో మరొక దారి కూడా ఉండేది. జనరల్ ఎలక్ట్రిక్ వంటి సంస్థలలో ఇంజనీర్లు ఇంకో ఉపాయం చేశారు. నేర్పరి అయిన పనివాడు ఒక వస్తువును చేత్తో కోస్తుంటే, అతని చేతుల కదలికలను అయస్కాంత పట్టీ మీద పాటను రికార్డు చేసినట్టు పట్టి ఉంచటం, తరువాత ఆ పట్టీని తిప్పితే యంత్రం అవే కదలికలను మళ్ళీ చేయటం. అక్కడ మొదటి కోత పనివాడిది. యంత్రం అతని శిష్యుడు. ఎమ్ఐటీ పద్ధతిలో మొదటి కోత అంటూ లేదు. అంకెలు కార్యాలయంలో పుడతాయి, యంత్రం దగ్గర నిలబడ్డ మనిషి మీట నొక్కుతాడు. చివరకు నిలిచింది రెండవదే.

ఎందుకు నిలిచింది? డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో వచ్చిన తన 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' అనే గ్రంథంలో దీనికొక సమాధానం చెప్పాడు. యంత్రశాలలో నేర్పు పనివాడి చేతిలో ఉన్నంతకాలం పని వేగమూ అతని చేతిలోనే ఉంటుంది. ఆ నేర్పును అక్కడినుంచి లాగి కార్యాలయంలో పెట్టాలన్న యాజమాన్యపు కోరికే అంకెల పద్ధతికి బలమైందని ఆయన వాదన. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం చేసిన కర్ట్ వొనెగట్ 1952లో ప్రచురించిన 'ప్లేయర్ పియానో' నవలలో, ఒక పనివాడి చేతి కదలికలను పట్టీకెక్కించుకుని అతన్నే పనిలోనుంచి తీసివేసే ఘట్టముంది. కనుక రికార్డు పద్ధతిలో పనివాడికి అన్నీ మేళ్ళేనని అనుకోవటానికీ లేదు. నోబుల్ వాదనకు ఎదురు చెప్పవలసిన మాట ఇంకొకటుంది. విమానపు రెక్క వంటి వంపులలో కొన్నింటిని ఎంతటి నేర్పరి అయినా చేత్తో కోసి చూపలేడు. అవి లెక్కలోనే పుట్టవలసిన ఆకారాలు. వైమానిక దళానికి ఆ అవసరం నిజంగానే ఉంది. అయితే విమానపు రెక్కకు తప్పనిసరి అయిన పద్ధతి తలుపు చెక్కకూ తప్పనిసరి కావలసిన పని లేదు. పోయిన దారి అలా పోయింది.

తెలుగునాట యంత్రాలు చేసే యంత్రాల చరిత్ర చిన్నదేమీ కాదు. ప్రాగా టూల్స్ 1943 నాటిది. బాలానగరులో పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ 1968లో వెలిసింది. పెద్ద కర్మాగారాల తరువాత అంకెల మరలు చిన్న ఊళ్ళకూ వచ్చాయి. నేడు తెనాలి, గుంటూరు వంటి చోట్ల పూజగది తలుపుకు లతలు కావాలంటే, జాలీ పలక కావాలంటే, వడ్రంగి ఉలి తీయడు. సీఎన్‌సీ కటింగ్ అని బోర్డు పెట్టిన దుకాణంలో బొమ్మల పుస్తకం చూపిస్తారు, నంబరు చెబితే కోసి ఇస్తారు. వడ్రంగి దాన్ని తెచ్చి చట్రంలో బిగిస్తాడు. బొమ్మ ఎవరు గీశారో కోసినవానికి తెలియదు, బిగించినవానికీ తెలియదు. మన ఊళ్ళలో ఉలి పని తగ్గిపోయిందని అనుకోవటం వింటూనే ఉంటాం. తగ్గింది ఉలి పని ఒక్కటే కాదు, బొమ్మ మీద వడ్రంగికి ఉన్న చెల్లుబాటు.

మరి ఇంటిలో కూర్చుకున్న మర ఈ కథలో ఎక్కడ నిలుస్తుంది? దాని వంశవృక్షం కొంచెం విచిత్రమైనది. అంకెల మరలను నడిపే పెట్టెలు దశాబ్దాల పాటు తయారీదారుల సొంత రహస్యాలుగా ఉండేవి. 1990లలో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఒకటి, మామూలు కంప్యూటరుతో మరను నడిపే ప్రోగ్రామును వ్రాయించింది. ప్రభుత్వం వ్రాయించింది కనుక అది అందరి సొత్తయింది. లినక్స్‌సీఎన్‌సీ పేరుతో ఈనాటికీ నడుస్తున్నది దాని సంతతే. ప్రింటరు తగిలించే రేవులోనుంచి రెండేసి తీగలు లాగి, ఒకదానిలో 'అడుగు వెయ్యి', మరొకదానిలో 'ఇటు వెయ్యి' అని మోటారుకు చెప్పేవారు. కంప్యూటర్లనుంచి ఆ రేవు మాయమవుతున్న రోజులలో, 2005లో ఇటలీలో ఆర్డువీనో అనే చిన్న బోర్డు పుట్టింది. 2009లో సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ అనే నార్వే దేశస్థుడు ఆ బోర్డుకు సరిపోయే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాము వ్రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆనాడు 250 ట్యూబులు చేసిన పనిని, ఈనాడు 28 కాళ్ళున్న ఒక చిప్పు, రెండు కిలోబైట్ల జ్ఞాపకశక్తితో చేస్తున్నది. వైమానిక దళపు ధనంతో పుట్టిన విద్య అంగలకుదురు వసారాలోకి వచ్చిన దారి ఇది.

నా మర కోత స్థలం 600 మిల్లీమీటర్లు పొడుగు, 400 వెడల్పు. చట్రానికి అల్యూమినియం దూలాలు, పక్క పలకలకు విజయవాడ ఆటోనగరులో కోయించిన ఇనుము. కత్తిని తిప్పేది మన వడ్రంగులు బల్లల అంచులు తీయటానికి వాడే ట్రిమ్మరే. అడుగులు వేసే మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. ఒక్కొక్క అడుగును ఎనిమిది భాగాలు చేస్తే 1600. మరమేకు ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. అంటే ఒక మిల్లీమీటరుకు 320 చిట్టి అడుగులు. కాగితం మీద ఇది వెంట్రుకను చీల్చే లెక్క. చట్రం మూల వంకరగా ఉంటే ఈ లెక్కంతా వృథా. అందుకే కత్తి పెట్టేముందు దాని స్థానంలో ఒక కలం బిగించి 300 మిల్లీమీటర్ల చదరం గీయించాను. రెండు కర్ణాలూ 424.3 రావాలి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వస్తే చదరం పక్కకు వాలినట్టు. ఇల్లు కట్టే మేస్త్రి పునాది దగ్గర మూలమట్టం చూడటానికి తాడుతో కర్ణాలు కొలుస్తాడు కదా, సరిగ్గా అదే పరీక్ష. మర కొత్తది, దాన్ని సరిచూసే విద్య పాతది.

మొదటి కోతకు ఎంచుకున్నది 'అ' అనే అక్షరం. సిలికానాంధ్ర వారు విడుదల చేసిన ఖతులలో తెనాలి రామకృష్ణ అని ఒకటున్నది. ఊరి పేరు కలిసి వచ్చిందని దాన్నే తీసుకున్నాను. తెరమీద తెలుగు చూడటానికి పోతన, వేమన ఖతులను దించుకుని మురిసిపోయిన రోజులు గుర్తున్నవారికి ఒక సంగతి చెప్పాలి. ఖతిలోని అక్షరం బొమ్మ కాదు, అదీ అంకెలే. కొన్ని బిందువులూ, వాటి మధ్య వంపులూ. పార్సన్స్ రెక్కకు కట్టించిన పట్టికకూ దీనికీ జాతిభేదం లేదు. ఆ వంపులను చిన్న చిన్న సరళరేఖలుగా విడగొట్టి, ఇక్కడినుంచి ఇక్కడికి ఇంత వేగంతో వెళ్ళమని మరకు చెప్పాలి.

తిరిగే కత్తి గుండ్రనిది. మూడు మిల్లీమీటర్ల కత్తి లోపలి మూలను ఎంత తొలిచినా అక్కడ ఒకటిన్నర మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రదనం మిగులుతుంది. రోమను లిపిలోని ఈ, ఎఫ్ వంటి మూలల అక్షరాలను కోసేవారికి ఇది పెద్ద బాధ. మన అక్షరాలకు అంత బాధ లేదు. 'అ'లో కత్తి తిరగలేని వంపు దాదాపు లేనట్టే. చిక్కంతా తలకట్టు అక్షరాన్ని తాకే సందులో, వత్తుల సన్నని కడుపులలో వస్తుంది. అక్కడికి మొన తేలిన కత్తి కావాలి. మొన 60 డిగ్రీలదైతే, ఆరు మిల్లీమీటర్ల వెడల్పు గీతలో అది ఐదు మిల్లీమీటర్లకు పైగా లోతుకు దిగుతుంది. గీత సన్నబడేకొద్దీ పైకి లేస్తుంది. లావు గీత లోతు, సన్న గీత పైపైన. రాతి మీద చెక్కేవారు చేత్తో చేసే పనీ ఇటువంటిదే.

పలక తెచ్చి ఇచ్చినవారు మా ఊరి వడ్రంగి ఆచారిగారు. వేపచెక్క. బల్ల మీద పెట్టి బిగించబోతుంటే ఆయన దాన్ని తిరగవేశారు.

"చేవ వైపు పైకి ఉండాలి బాబూ. మీ మరకు చేవ ఏదో తెలుసా?" అన్నారు.

"తెలియదండీ. దానికి అంకెలే తెలుసు" అన్నాను.

"మరి కర్రకు అంకెలు తెలియవు కదా" అన్నారు ఆయన.

నోబుల్ పుస్తకంలోని ఎన్నో పుటల సారం ఆ ఒక్క మాటలో ఉంది. అంకెలు ప్రతి పలకకూ ఒకటే. ఏ రెండు పలకలూ ఒకటి కావు. చార ఎటు పోతున్నదో, ముడి ఎక్కడ దాగి ఉన్నదో, పచ్చి ఎంత ఆరిందో పట్టికలో ఉండదు. అందుకే కర్మాగారాలలోని అంకెల మరలకు కూడా వేగాన్ని పెంచి తగ్గించే ఒక మీట ఉంటుంది. అన్నీ కార్యాలయంలోనే నిర్ణయించగలిగితే ఆ మీట ఉండనే ఉండకూడదు. చెవితో కోత శబ్దం విని, అంకె కన్నా ముందుగా ప్రమాదాన్ని పసిగట్టే మనిషి పక్కన ఉండక తప్పలేదని ఆ మీటే సాక్ష్యం. జీఆర్‌బీఎల్‌లోనూ అది ఉంది. చెప్పిన వేగాన్ని పదోవంతుకు తగ్గించవచ్చు, రెండింతలకు పెంచవచ్చు.

నిమిషానికి 1200 మిల్లీమీటర్ల నడక, 12,000 చుట్ల కత్తి, ఒక్కొక్క దఫా ఒక్క మిల్లీమీటరు లోతు. కత్తికి రెండు అంచులు కనుక ఒక్కొక్క అంచు 0.05 మిల్లీమీటర్ల పొట్టు తీస్తుందని నా లెక్క. మొదటి సున్నా చుట్టటం మొదలయింది. చార వెంట పోతున్నంతసేపూ సన్నని ఈల. చారకు అడ్డం తిరిగిన చోట ఆ ఈల కీచుమంది. నేను తెర చూస్తున్నాను. ఆచారిగారు చెక్కనూ చూడటం లేదు, తల పక్కకు వంచి వింటున్నారు. "అక్కడ మెల్లగా పోనివ్వండి" అన్నారు. మీట 60 శాతానికి దించాను. కీచు ఆగింది. ఆ వంపు దాటాక "ఇప్పుడు వదలండి" అన్నారు. అక్షరం పూర్తయ్యేలోపల ఇలా నాలుగుసార్లు జరిగింది. పొట్టు ఊదివేసి వేలితో తడిమితే గీత నున్నగా ఉంది. అంకెలు నావి, దారి ఖతిది, నడక మాత్రం ఆచారిగారిది.

ఆ తరువాతి పని ఆయన అడిగినదే. వారి నాన్నగారు చెక్కిన పాత ద్వారబంధం మీద ఒక మామిడిపిందె లత ఉన్నది. కత్తి బదులు సూదిని బిగించి, ఆ చెక్క ముక్కను బల్ల మీద ఉంచి, ఆయన చెప్పిన చోటికల్లా సూదిని మీటలతో నడిపి, అక్కడి అంకెలను వ్రాసుకున్నాము. ఒక పిందెకు 64 బిందువులు వచ్చాయి. అన్నీ సమానదూరంలో తీసుకుందామని నేననుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. తిన్నగా పోయే చోట రెండే చాలన్నారు. కొసన వంపు తిరిగే బెత్తెడు మేరలో ఇరవైకి పైగా పెట్టించారు. "నాన్నగారి చేయి ఇక్కడే ఉంది" అన్నారు.

ఎన్నడో పక్కన పెట్టేసిన రికార్డు పద్ధతి ఇదే కదా అని అప్పుడు తట్టింది. పనివాని కదలికను మొదట పట్టుకుని, మరను దానికి శిష్యుణ్ణి చేయటం. పెద్ద కర్మాగారాలకు అది లాభించలేదు. ఇక్కడ కార్యాలయం వేరు, యంత్రశాల వేరు కాదు. రెండూ ఒకే వసారాలో ఉన్నాయి. 2023 మార్చిలో హైదరాబాదులో టీ-వర్క్స్ వంటి పెద్ద కార్యశాల తెరిచారు, సంతోషమే. కాని ఇటువంటి మర ఒకటి ఊరి వడ్రంగి పనిచేసే చోటనే, ఆయన మీట పట్టుకునేలా ఉంటే జరిగేది వేరు. దుకాణంలోని బొమ్మల పుస్తకంలో ఆ లత ఉండదు. ఉన్నా దానికి కర్త ఉండడు.

మర మనిషి చేతి పనిని తీసివేస్తుందన్న భయం అబద్ధం కాదు, తీసివేసిన చరిత్ర పైన చెప్పుకున్నదే. అయితే అది మర స్వభావం వల్ల జరిగింది కాదు, మీట ఎవరి చేతిలో పెట్టారన్న నిర్ణయం వల్ల జరిగింది. నిర్ణయం కనుకనే ఇంకొకచోట ఇంకొక విధంగా తీసుకోవచ్చు. మామిడిపిందెల పలక పూర్తయ్యాక వెనుక వైపు ఆచారిగారి నాన్నగారి పేరు గీసినవారిగా, ఆచారిగారి పేరు చెక్కినవారిగా కోశాము. వేంగి నాటి రాగిరేకుల మర్యాద అది. మర పేరు ఎక్కడా వేయలేదు.

చివరగా, మాటలు కూర్చే ఆసక్తి ఉన్న మిత్రులకు ఒక మనవి. వేగాన్ని మార్చే ఆ మీటకు చక్కని తెలుగు పేరు కావాలి. ఆచారిగారు దాన్ని 'కళ్ళెం' అంటున్నారు. నాకైతే అంతకన్నా మంచిది తోచలేదు. మీకు తోస్తే చెప్పండి.